రాజం ఉత్తరం రాస్తాడా?

'స్వామి అండ్ ఫ్రెండ్స్' అనగానే చాలామంది నవ్వుమొహం పెడతారు. మీలో కొందరి అమ్మానాన్నలు చిన్నప్పుడు టీవీలో 'మాల్గుడి డేస్' చూసే ఉంటారు. శంకర్ నాగ్ అగుంబెలో తీసిన ఆ ధారావాహికలో టోపీ పెట్టుకుని పరుగెత్తే స్వామి వాళ్ళకి ఇప్పటికీ గుర్తే. సోమవారం ఉదయం బడికి పోవాలంటే స్వామికి ఏడుపు వస్తుంది. మామిడిపండ్ల లెక్క చేయమని నాన్న కూర్చోబెడితే ఆ పండ్లు మాగినవో పచ్చివో తేలందే లెక్క ఎట్లా చేసేదని ఆలోచిస్తాడు. నవ్వు రాకుండా ఎట్లా ఉంటుంది? నేనూ నవ్వినాను. కానీ పుస్తకం మూసేసరికి నాకు నవ్వు రాలేదు. ఆర్.కె. నారాయణ్ 1935లో అచ్చువేయించిన ఈ నవలను అందరూ అల్లరి పిల్లల కథ అంటారు గానీ, నాకు మాత్రం ఇది ఒంటరి పిల్లవాడి కథగానే కనిపించింది. ఈ మాట మా ఇంగ్లీషు సారుతో అంటే, "స్వామి ఎప్పుడు ఒంటరిగా ఉన్నాడమ్మా? ఇల్లంతా జనమే కదా" అన్నారు. దానికి జవాబుగానే ఇది రాస్తున్నాను.

సారు అన్నది నిజమే. స్వామికి నాన్న ఉన్నాడు, అమ్మ ఉంది, నాయనమ్మ ఉంది, మధ్యలో ఒక తమ్ముడూ పుడతాడు. బడిలో మణి, శంకర్, సోము, బఠాణీ గింజ అని ఏడిపించే శామ్యూల్ ఉన్నారు. మనుషులకేం తక్కువ లేదు. తక్కువైంది ఏమిటంటే, వాడు చెప్పాలనుకున్నది చెప్పాలనుకున్నట్టు వినే మనిషి. అది ఇంటినిండా జనం ఉన్నా తక్కువ కావచ్చు.

నేను ఈ పుస్తకం చదివిన తీరు కొంచెం చెప్పాలి. మా బడి లైబ్రరీలో ఉన్నది ఇంగ్లీషు ప్రతి. అట్ట చిరిగిపోయి, ఎవరో గోధుమరంగు కాగితంతో కుట్టినారు. మొదటి తరగతి నుంచి తెలుగు మాధ్యమంలో చదువుతున్న నాకు ఒక్కో పేజీకి పది సార్లు డిక్షనరీ తీయాల్సి వచ్చింది. 19 అధ్యాయాలకు దాదాపు రెండు నెలలు పట్టింది. ఇంత నెమ్మదిగా చదవడానికి ఇంకో కారణం మా అవ్వ. నేను ఇంగ్లీషులో చదువుకున్న భాగాన్ని రాత్రి అన్నం తిన్నాక ఆమెకు తెలుగులో చెప్పాలి. చెప్పకుండా నిద్రపోతే ఊరుకోదు. "ఆ పిల్లోడు ఇయ్యాల ఏం జేసె?" అని అడుగుతుంది, స్వామి ఏదో మా వీధిలో ఉన్నట్టు.

మాది బాగలూరు దగ్గర పల్లె. తాతల కాలం నుంచి అక్కడే. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం, ఆఫీసులో తమిళం, అవసరమొస్తే మూడూ కలిపి ఒకే వాక్యంలో. నాన్న పని కోసం నాలుగేళ్ళ కిందట హోసూరు టౌనుకి వచ్చేసినాం. నాన్న గులాబీల వ్యాపారి దగ్గర పని చేస్తాడు. రాత్రి రెండు గంటలకే పూలబండితో బెంగళూరు మార్కెట్టుకి పోవాలి. అమ్మ ఒక కంపెనీ క్యాంటీనులో. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం నేను వచ్చేదాకా ఇంట్లో అవ్వ ఒక్కతే. ఊర్లో ఉన్నప్పుడు అవ్వ మధ్యాహ్నం అరుగు మీద కూర్చుంటే చింతపండు గింజలు తీసేదానికో, అనపకాయలు ఒలిచేదానికో నలుగురు వచ్చి కూర్చునేవాళ్ళు. ఇక్కడ మా పక్క పోర్షనులో ఫ్యాక్టరీలో పనిచేసే అన్నలు ఉంటారు. ఒకరిది ఒరిస్సా, ఒకరిది బీహారు. రాత్రి షిఫ్టు చేసొచ్చి పగలు నిద్రపోతారు. వాళ్ళు నిద్రపోతారని అవ్వ రోలు కూడా వాడదు. మిక్సీ అయితే శబ్దం ఇంకా ఎక్కువ గదా అని నేనంటే, "మిక్సీ మీ అమ్మ వేస్తాది, నేను గాదు" అంటుంది.

మూడో అధ్యాయంలో స్వామి నాయనమ్మ వస్తుంది. ముందు హాలుకీ భోజనాల గదికీ మధ్య ఉన్న చీకటి దారిలో, కిటికీ లేని చోట ఆమె ఉంటుంది. ఆమె పక్కలో చాపలు, దుప్పట్లు, దిండ్లు ఎన్నెన్నో. ఒక చెక్కపెట్టెలో చిల్లర డబ్బులు, ఏలకులు, లవంగాలు, వక్కలు. రాత్రి భోజనమయ్యాక స్వామి వచ్చి ఆమె ఒళ్ళో తల పెట్టుకుంటాడు. ఆ ఏలకుల, లవంగాల వాసనలో వాడికి భయం ఉండదు. రాజం గురించి చెప్తాడు. రాజం కొత్తగా బడిలో చేరినవాడు, పోలీసు డిప్యూటీ సూపరింటెండెంటు కొడుకు. తెల్లదొరల్లాగా ఇంగ్లీషు మాట్లాడతాడు, అంటే బడిలో చాలామందికి వాడు చెప్పేది అర్థం కాదు. (ఈ చోట మా క్లాసులో చదివి వినిపిస్తే అందరూ తెగ నవ్వినారు. ఎందుకో మీకు తెలుసు.) స్వామి రాజం గొప్పలు చెప్తుంటే నాయనమ్మ తాతగారి గొప్పలు చెప్తుంది. వాడు రాజం లెక్కల్లో మార్కులంటే, ఆమె తాతకొచ్చిన పతకమంటుంది. వాడు విసుక్కుంటాడు. ఆమె హరిశ్చంద్రుడి కథ మొదలుపెడుతుంది. కథ సగంలో వాడు నిద్రపోతాడు.

నేను దీన్ని చదివినప్పుడు నోటుపుస్తకంలో ఇట్లా రాసుకున్నాను: "ఇద్దరూ మాట్లాడుతున్నారు, ఇద్దరూ వినడం లేదు." చాలా తెలివైన మాట రాసినానని సంతోషపడినాను. రాత్రి అవ్వకు ఆ భాగమంతా చెప్పి, నా మాట కూడా చెప్పినాను. అవ్వ కాసేపు వక్క నములుతూ ఉండి, "వినకపోతేనేమే, తల ఒళ్ళోనే పెట్టుకునుండాడు గదా" అంది.

ఆ వాక్యం కింద అవ్వ మాట కూడా రాసి పెట్టుకున్నాను. నాది కొట్టేయలేదు. రెండూ నిజమేనని ఇప్పటికీ అనుకుంటున్నాను. స్వామి రాజాన్ని ఇంటికి పిలిచినప్పుడు నాయనమ్మ బయటికి రాకుండా ఉంటే బాగుండునని అనుకుంటాడు. స్నేహితుడి ముందు ఆమె వాడికి చిన్నతనం. తర్వాత ఒక అధ్యాయంలో కడుపునొప్పితో ఆమె నిమ్మకాయ తెచ్చిపెట్టమంటే, క్రికెట్ ఆటకి ఆలస్యమవుతుందని పరుగెత్తిపోతాడు. ఆ తర్వాతే వాడికి గుండె దడ మొదలవుతుంది, నాయనమ్మకు ఏమైనా అయిపోతే ఎట్లా అని. ఇంకో సంగతి: నవల మొత్తంలో ఆమెకు పేరు లేదు. ఈ మాట పట్టుకున్నది నేను కాదు, అవ్వే. "ఆ ముసలామెకు పేరు పెట్టలేదా, రాసినాయప్ప?" అని అడిగింది. వెతికినాను. లేదు.

రాసినాయన గురించి కొంత తెలుసుకున్నాక ఇది ఇంకా వింతగా తోచింది. నారాయణ్ 1906లో మద్రాసులో పుట్టినారు. వాళ్ళ నాన్న ప్రధానోపాధ్యాయుడు, ఊరూరా బదిలీలు. అందువల్ల చిన్నతనమంతా అమ్మానాన్నల దగ్గర కాకుండా పురసవాకంలో అమ్మమ్మ దగ్గర పెరిగినారు. అప్పట్లో ఆయనకు తోడు ఒక నెమలి, ఒక కోతి. తన జీవితకథ 'మై డేస్'ని ఆయన ఆ నెమలి, కోతులతోనే మొదలుపెడతారు. తోడుకి పిల్లలు లేని ఇల్లు ఎట్లా ఉంటుందో ఆయనకు బాగా తెలుసు. పెద్దయ్యాక ఇంతమంది స్నేహితులున్న పిల్లవాడి కథ రాసినారంటే, తనకు లేనిదాన్ని కాగితం మీద చేసుకున్నారేమోనని నా ఊహ. ఊహే, ఆయన అట్లా ఎక్కడా చెప్పినట్టు నేను చదవలేదు. ఈ నవలని మొదట ఎవరూ అచ్చువేయలేదు. విసిగిపోయి, ఆక్స్‌ఫర్డ్‌లో చదువుతున్న స్నేహితుడికి దాన్ని రాయి కట్టి థేమ్స్ నదిలో పడేయమని చెప్పినారట. ఆ స్నేహితుడు పడేయకుండా గ్రాహం గ్రీన్ అనే రచయితకి చూపించినాడు. అట్లా లండన్‌లో అచ్చయింది. చూడండి, ఈ పుస్తకం మన చేతికి రావడానికి కూడా ఒక స్నేహితుడే కారణం.

మళ్ళీ స్వామి దగ్గరికి వస్తాను. రాజంతో స్నేహం కుదిరాక స్వామి పాత స్నేహితులు వాడికి దూరమవుతారు. వాడు ఎప్పుడూ రాజం వెనకే ఉంటాడని వాడికి 'తోక' అని పేరు పెడతారు. గాడిదకి, కుక్కకి ఉండే తోక. నిన్నటిదాకా పక్కన కూర్చున్న సోము, శంకర్, శామ్యూల్ మాట్లాడరు. వాళ్ళు గుసగుసలాడితే తన గురించే అనిపిస్తుంది, నవ్వితే తనను చూసే అనిపిస్తుంది. నవల అంతటిలో నాకు చదవడానికి కష్టమైన అధ్యాయం ఇదే. మాటలు కఠినమై కాదు. క్లాసులో ఒక బెంచీ నిశ్శబ్దంగా మారిపోవడం ఎట్లా ఉంటుందో ప్రతి పిల్లకూ తెలుసు. పెద్దవాళ్ళకు ఇది చాలా చిన్న విషయం. నారాయణ్ దీన్ని చిన్నది చేయలేదు, అట్లాగని ఏడుపుగొట్టుగానూ రాయలేదు. స్వామి ఎవరికీ చెప్పుకోడు. ఎట్లా చెప్పుకుంటాడు? "నన్ను తోక అన్నారు" అని నాన్నతో చెప్తే నాన్న నవ్వడా?

ఆ తర్వాత వాళ్ళందరినీ రాజమే కలుపుతాడు. అందరినీ ఇంటికి పిలిచి, స్నేహంగా ఉంటామని ఒప్పుకున్నవాళ్ళకి బహుమతులిస్తాడు. బహుమతి కోసం రాజీపడటం నాకు అంతగా నచ్చలేదు. అవ్వ మాత్రం, "ఏదో ఒక సాకు గావాల గదా కలిసేదానికి" అంది. మా ఊర్లో పొలం గట్టు కాడ కొట్లాడుకున్న ఇద్దరు అన్నదమ్ములు ఆరేండ్లు మాట్లాడుకోకుండా ఉండి, ఒక దూడ తప్పిపోతే దాన్ని వెతికేదానికి పోయి మాటలు కలిపినారట. ఆ కథ అరగంట చెప్పింది. ఆ రోజు స్వామి కథ ముందుకు సాగలేదు.

1930 ఆగస్టు 15న మాల్గుడిలో పెద్ద సభ జరుగుతుంది. ఎక్కడో బొంబాయిలో ఒక కాంగ్రెసు నాయకుణ్ణి పట్టుకున్నారని సరయూ నది ఒడ్డున రెండు వేలమంది చేరతారు. స్వామి, మణి అక్కడే ఉంటారు. ఆ ఊపులో మరునాడు బడి బందులో స్వామి రాళ్ళు వేసి అద్దాలు పగలగొడతాడు. జనాన్ని చెదరగొట్టమని ఆజ్ఞ ఇచ్చినవాడు రాజం తండ్రి. దానివల్ల స్వామి ఆల్బర్ట్ మిషన్ స్కూలు వదిలి బోర్డు హైస్కూలుకి పోవాల్సి వస్తుంది. అంటే దేశంలో జరిగే పెద్ద సంగతి ఒకటి వచ్చి ఇద్దరు పిల్లల మధ్యలో నిలబడింది. ఒకే ఊరు, రెండు బడులు. ఆరు వారాల తర్వాత రాజమే వచ్చి వాడి తప్పులన్నీ క్షమించినానని ప్రకటిస్తాడు. క్రికెట్ జట్టు పెడతారు, పేరు ఎం.సి.సి. స్వామి బాగా బంతి వేస్తున్నాడని వాడికి 'టేట్' అని పేరు.

బడి మారడం అంటే ఏమిటో నాకు ఈ ఏడాది తెలిసింది. ఆరో తరగతి నుంచి నా పక్కన కూర్చున్న అమ్మాయి జూన్‌లో రాలేదు. వాళ్ళ నాన్నకి బెంగళూరులో పని దొరికింది, అక్కడ ఇంగ్లీషు మీడియంలో చేర్చినారు. తొమ్మిదిలో మేము పద్నాలుగు మందిమి, పదిలో పదకొండు మందిమి. మా క్లాసులో ఖాళీ బెంచీలున్నాయి గనక ఆమె చోటు ఎవరికీ ఇవ్వాల్సిన పని కూడా పడలేదు. స్వామి కాలంలోలాగా అడ్రసు తెలియని బాధ మాకు లేదు. అమ్మ ఫోన్‌లో ఆమె వాళ్ళమ్మ నంబరు ఉంది. మొదటి నెల రోజూ మాట్లాడుకున్నాం. తెలుగులో రాసేది. తర్వాత తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరాల్లో రాసింది. తర్వాత ఒక బొటనవేలి బొమ్మ. ఇప్పుడు నేను పంపిన దానికి రెండు నీలం టిక్కులు పడతాయి, అంతే. కోపం లేదు నాకు. కొత్త బడిలో ఆమెకు ఎవరైనా 'తోక' లాంటి పేరు పెట్టినారో ఏమో. అక్కడ ఆమె ఏమంటే ఏం నవ్వుతారో అని భయపడుతోందేమో. చెప్పుకోవడానికి సమయం ఉందో లేదో. ఇవన్నీ అడిగి ఒక పెద్ద మెసేజి పంపినాను, తెలుగులోనే. దానికి కూడా టిక్కులు పడినాయి.

పదిహేను, పదహారు అధ్యాయాలు వచ్చేసరికి అవ్వ వక్క కూడా మరిచిపోయి వినింది. బోర్డు హైస్కూల్లో హెడ్మాస్టరు బెత్తం ఎత్తితే, స్వామి దాన్ని లాక్కుని కిటికీలోంచి పారేసి పరుగెత్తిపోతాడు. ఇక బడికి పోలేడు, ఇంటికి పోలేడు. పోయి పోయి మెంపి అడవి దారిలో తప్పిపోతాడు. చీకటి, ఆకలి, ఎవరూ లేరు. ఇక్కడ మాత్రం స్వామి అందరికీ కనిపించేటట్టు ఒంటరి. కానీ నన్ను ఎక్కువగా కదిలించింది అడవి కాదు, వాళ్ళ నాన్న. నవల మొదటినుంచి మనకు ఆయన లెక్కలు చేయించే మనిషి, భయపడాల్సిన మనిషి. ఆ రాత్రి ఆయన కొడుకుని వెతుక్కుంటూ నది ఒడ్డుకి పోతాడు. రైలు పట్టాల వెంబడి నడుస్తాడు. ఎందుకు పట్టాల వెంబడి నడుస్తున్నాడో రచయిత గట్టిగా చెప్పడు. అవ్వకు నేను వివరించాల్సిన పని పడలేదు. ఆమె "అయ్యో" అంది, అంతే. మా నాన్న ఆ పూట ఇంట్లోనే ఉన్నాడు, పడుకుని ఉన్నాడు. నిద్రపోతున్నాడనుకున్నాను. "దొరికినాడా?" అని గోడ వైపు నుంచి అడిగినాడు.

దొరికినాడు. రంగ అనే బండివాడు దారిలో పడి ఉన్న స్వామిని చూసి ఎత్తుకుపోయినాడు. ఊరు పేరు తెలియని పిల్లవాణ్ణి తన బండిలో వేసుకున్న మనిషి. రంగకి నవలలో ఉన్నది కాసింత చోటే. అవ్వకు మాత్రం నవలంతటిలో అందరికన్నా మంచివాడు వాడే. రాజం అంటే మొదటినుంచి ఆమెకు పడదు, "దొరబిడ్డ" అంటుంది.

అప్పటికి మ్యాచి అయిపోయింది. టేట్ లేని ఎం.సి.సి. ఓడిపోయింది. రాజం మాట్లాడడం మానేస్తాడు. కొన్ని రోజులకి మణి వచ్చి చెప్తాడు: రాజం వాళ్ళ నాన్నకి తిరుచినాపల్లికి బదిలీ అయింది, పొద్దున ఆరు గంటల రైలుకి పోతున్నారని. స్వామికి ఏదో ఒకటి ఇవ్వాలనిపిస్తుంది. తన దగ్గర ఉన్నవాటిల్లో రాజానికి తగింది ఏది? చివరికి ఆండర్సన్ కథల పుస్తకం తీసుకుని, తన అత్యంత ప్రియ మిత్రుడికి అని పేరు రాసి, చీకటితోనే స్టేషనుకి పోతాడు. అక్కడ రాజం చుట్టూ పోలీసులు, పెద్దమనుషులు. దొరలా దుస్తులు వేసుకున్న రాజం వాడికి ఎవరో తెలియని మనిషిలా కనిపిస్తాడు. దగ్గరికి పోవడానికి కాళ్ళు రావు. రైలు కదులుతుంది. స్వామి చేతిలోని పుస్తకాన్ని మణి లాక్కుని పరుగెత్తి రాజం చేతిలో పెడతాడు. రాజం ఏదో అంటాడు. రైలు శబ్దంలో స్వామికి అది వినపడదు.

ఏమన్నాడు అని అడుగుతాడు స్వామి. ఉత్తరం రాస్తానన్నాడని మణి చెప్తాడు. నా అడ్రసు వాడికి తెలియదే అంటాడు స్వామి. తెలుసంటాడు మణి. అయితే ఏమిటో చెప్పు అంటే, మణి కొంచెం తడబడి, నేనిచ్చినానులే అంటాడు. మణి మొహంలో ఏముందో ఎప్పుడూ ఇట్టే చెప్పగలిగే స్వామికి, ఆ ఒక్కసారి ఏమీ తెలియలేదు. నవల అక్కడితో ఆగిపోతుంది.

ఇక్కడ నాకూ అవ్వకూ పెద్ద వాదన. మణి అబద్ధం చెప్పినాడని అవ్వ. "స్నేగితుడు ఏడస్తావుంటే ఇంకేం జెప్తాడే? వాని కాడ ఉండేది ఆ అబద్దమే, ఇచ్చినాడు" అంది. స్వామికి నిజమైన స్నేహితుడు రాజం కాదు, కర్ర పట్టుకుని తిరిగే ఆ మణేనట. స్వామి రాజం వెంట పడి పక్కనున్నవాణ్ణి చూడలేదట. నాకది పూర్తిగా ఒప్పుదల కాలేదు. మణి మంచివాడే, కానీ రాజం పుస్తకం పుచ్చుకున్నాడు కదా, ఏదో అన్నాడు కదా. అన్నది మంచిమాటే కాదని ఎట్లా చెప్తాం? నారాయణ్ కావాలనే రైలు శబ్దాన్ని అక్కడ పెట్టినారు. మనకు కూడా వినపడకూడదని.

పుస్తకం లైబ్రరీకి తిరిగి ఇవ్వాల్సిన గడువు దాటి మూడు రోజులయింది. ఇచ్చేముందు రాత్రి అవ్వ చివరి పేజీ ఇంకొకసారి చెప్పమంది. అప్పటికే రెండుసార్లు చెప్పినాను. ఈసారి తెలుగులో చెప్పకుండా ఇంగ్లీషులో ఉన్నదున్నట్టు చదవమంది. ఆమెకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు.

"అర్థం కాదు గదా అవ్వా?"

"కాకపోనీ. రైలు కాడ ఆ పిల్లోడు ఏమన్నాడో, యాడన్నా వినపడుతుందేమో చూస్తాం. చదువు."

చదివినాను. అవ్వ కళ్ళు మూసుకుని, చెవి నా వైపు పెట్టి వినింది. మణి పేరొచ్చిన ప్రతిసారీ తలూపింది.